మాత్రల షీటు మీది ఎర్ర గుర్తు



మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీలో పనిచేయుచున్న కుమారుని యొద్ద కొద్ది దినములుండి ఊరికి తిరిగి వచ్చిన ఒక తల్లిని చూచుటకు ఇటీవల మేము వెళ్ళాము. మాటల మధ్య ఆమె గూటిలో నుండి సగము ఖాళీ అయిన మాత్రల షీటు తీసి చూపించినది.

“అబ్బాయికి రాత్రి డ్యూటీలండీ. నిద్ర పట్టడము లేదంటే డాక్టరుగారు వ్రాసిచ్చారట. నేనొకటి వేసుకుంటే చక్కగా నిద్ర పట్టింది. పాపం, ప్రక్కింటి వదినకు కూడా రెండిచ్చాను” అన్నది.

ప్రేమతో చేసిన పనే. కాని ఆ షీటు మీద ఎన్, ఆర్, ఎక్స్ అను ఎర్రని ఇంగ్లీషు అక్షరములు మా కంటబడినవి. అది ఆల్ప్రాజోలామ్ అను మందు. ఆ గుర్తునకు అర్థమేమిటో మన కుటుంబములన్నియు తెలిసికొనుట మంచిది.

చట్టము అన్ని మందులను ఒకే విధముగా చూడదు. 1945 నాటి ఔషధ నియమములలో మందులను షెడ్యూళ్ళు అను పట్టీలలో చేర్చారు. ‘హెచ్’ పట్టీలోని మందులను డాక్టరు చీటీ లేకుండ అమ్మరాదు. 2014 మార్చి 1 నుండి ‘హెచ్ 1’ అను మరొక పట్టీ అమలులోనికి వచ్చినది. క్షయ మందులు, కొన్ని గట్టి యాంటీబయోటిక్ మందులు, ఆల్ప్రాజోలామ్ వంటి మాత్రలు ఇందులో ఉన్నవి. వీటిని అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఏ మందు ఎంత ఇచ్చినది షాపువారు వేరుగా ఒక పుస్తకములో వ్రాసి, మూడు సంవత్సరములు భద్రపరచవలెను. ‘ఎక్స్’ పట్టీ ఇంకను కఠినమైనది. దానికి చీటీ రెండు ప్రతులుండవలెను. ఒక ప్రతిని షాపువారు రెండు సంవత్సరములు దాచవలెను.

ఇవి గాక, 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టము కలదు. గంజాయి, నల్లమందులతో బాటు మనస్సు మీద పనిచేయు కొన్ని మందులును దీని క్రిందికి వచ్చును. ఆల్ప్రాజోలామ్ అట్టిదే. నొప్పులకు వాడు ట్రమడాల్‌ను 2018లో చేర్చారు. ఈ చట్టము తూకమును బట్టి శిక్ష విధించును. ఆల్ప్రాజోలామ్ 5 గ్రాముల వరకు చిన్న మొత్తము. 100 గ్రాములు దాటినచో వ్యాపార మొత్తము. దానికి పది మొదలు ఇరువది సంవత్సరముల వరకు జైలు.

ఇంత చిన్న మాత్రకు ఇంత కాపలా ఎందుకని మీరడుగవచ్చును. 100 గ్రాముల పొడితో పావు మిల్లీగ్రాము మాత్రలు నాలుగు లక్షలు చేయవచ్చును. ఆ పొడి ఎక్కడికి చేరుచున్నదో హైటెక్ సిటీకి దగ్గరలోనే చూచాము. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు త్రాగి అనేకులు ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. కల్లు నమూనాలలో ఆల్ప్రాజోలామ్ ఉన్నట్లు పరీక్షలలో తేలినది. నిద్రలేని యువకునికి డాక్టరు కొలిచి ఇచ్చు మందునే, రెక్కాడితే గాని డొక్కాడని వారి కల్లులో లాభము కొరకు కొలత లేకుండ కలుపుచున్నారు.

ఇది జ్ఞాపకము వచ్చి, “మీ వదినగారికి కల్లు అలవాటున్నదా?” అని ఆ తల్లిని అడిగాము.

ఆమె ముఖము వాడిపోయినది. “సాయంకాలము ఒక సీసా త్రాగుతుందండీ” అన్నది.

కల్లు, సారాయిలతో ఈ మాత్ర కలిసినచో ఊపిరి మందగించి ప్రాణాపాయము కలుగవచ్చును. వెంటనే ముగ్గురము కలిసి ప్రక్కింటికి వెళ్ళాము. ఒక మాత్ర అప్పటికే వాడుకున్నది. రెండవది దిండు క్రింద ఉన్నది. ఆమె నొచ్చుకొనకుండ విషయము చెప్పి, దానిని తిరిగి తీసికొన్నాము.

డాక్టరు చీటీతో తమ వైద్యము కొరకు ఇట్టి మందులు వాడువారు భయపడ పనిలేదు. అది నేరము కాదు. చీటీని మందులతో బాటే ఉంచుకొనండి. చాలకాలముగా వాడుచున్నవారు భయపడి ఒక్కసారిగా మానవద్దు. వణుకు, ఫిట్స్ రావచ్చును గనుక డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకొనవలెను. కల్తీ కల్లుకు అలవాటుపడిన వారికిని ఇదే జాగ్రత్త అవసరము. వారిని నిందింపక ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి.

ఇంటిలో వండిన కూరను ప్రక్కింటికి పంపుట మన మంచి అలవాటు. మాత్రలను మాత్రము పంపవద్దు. ఈ రాత్రి మీ ఇంటి మందుల డబ్బాను ఒకసారి తెరచి, ఎర్ర గుర్తులున్న షీటులు ఎవరివో, ఏ డాక్టరు వ్రాసినవో చూచుకొనండి.