పాత పుస్తకానికి సరైన తేదీ

పాత తెలుగు పుస్తకాల ముఖపత్రాల మీద తేదీ చాలాచోట్ల పంచాంగం లెక్కలోనే కనిపిస్తుంది. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. కొన్నిటి మీద శాలివాహన శకం కూడా ఉంటుంది. ఆ పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు వాటిని క్రీస్తుశకంలోకి మార్చాలి. తేదీ ఒక్క ఏడు తప్పినా ఏ ముద్రణ ముందు, ఏది తరువాత అన్న సాహిత్య చరిత్ర తారుమారవుతుంది.

సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే చాలదు. ప్రభవాది పేర్లు 60 ఏళ్లకొకసారి తిరిగొస్తాయి. హేవిళంబి 1837లో వచ్చింది, 1897లోనూ, 1957లోనూ వచ్చింది. పక్కన శకం అంకె ఉంటే చిక్కు తీరుతుంది. గతించిన శకాబ్దానికి 78 కలిపితే ఉగాది నాటి క్రీస్తుశకం వస్తుంది: 1819కి 78 కలిపితే 1897. జనవరి నుంచి ఫాల్గుణాంతం దాకా మాత్రం 79 కలపాలి. ఆ హేవిళంబిలో పుష్య బహుళ అమావాస్య 1898 జనవరి 22న పడింది. భారతదేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిన రోజది. పుష్యమాసంలో అచ్చయిన పుస్తకానికి కళ్లు మూసుకుని 1897 అని రాస్తే, ఆ మాసంలో సుమారు తొలి వారం తప్ప మిగతా రోజులన్నిటికీ అది తప్పే.

తిథి దగ్గర లెక్క మరింత సున్నితం. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే సుమారు 354 రోజులే. సౌర సంవత్సరంతో ఏర్పడే లోటును పూడ్చడానికి అధికమాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. తెలుగువారి మాసం అమావాస్యతో ముగిస్తే (అమాంతం), ఉత్తరాదిలో పౌర్ణమితో ముగుస్తుంది (పూర్ణిమాంతం). మన మాఘ బహుళం వారికి ఫాల్గుణ కృష్ణపక్షం. ప్రాచీన సూర్యసిద్ధాంత గణితానికీ, ఆకాశ పరిశీలనతో సరిదిద్దిన దృగ్గణితానికీ తిథి ముగిసే వేళలో కొన్ని గంటల తేడా వస్తుంది. తిథిని సూర్యోదయంతో చూస్తారు కనుక ఊరు మారితే రోజు కూడా మారవచ్చు. తిథితోపాటు అచ్చయిన వారం పేరు ఇక్కడ సాక్షిగా నిలుస్తుంది.

తెలంగాణలో పాత రెవెన్యూ కాగితాలకు మరో లెక్క ఉంది: ఫసలీ. ఫసలీ 1358 అంటే 1948-49. మచిలీపట్నంలోని డచ్చి, ఇంగ్లిషు వర్తక స్థావరాల లేఖల్లోనూ జాగ్రత్త అవసరం. 17వ శతాబ్దంలో హాలండ్ గ్రెగోరియన్ క్యాలెండర్‌ను పాటిస్తుండగా, ఇంగ్లిషువారు జూలియన్‌లోనే ఉన్నారు; ఒకే రోజుకు వారి తేదీల్లో పది రోజుల తేడా ఉండేది. ఇంగ్లండ్ 1752లో గానీ మారలేదు.

ఇలా తేదీలు మార్చడానికి ఒకప్పుడు పట్టికలే దిక్కు. సి.పి. బ్రౌన్ 1863లో కర్ణాటిక్ క్రోనాలజీ ప్రచురించాడు. 1896లో రాబర్ట్ సీవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్‌ల ది ఇండియన్ క్యాలెండర్, 1922లో స్వామికన్ను పిళ్లై ఎఫిమెరిస్ వచ్చాయి. నేడు అదే పని కంప్యూటర్ చేస్తోంది. జపాన్ పండితులు మిచియో యానో, మకోతో ఫుషిమి రూపొందించిన పంచాంగ ప్రోగ్రాం సూర్యసిద్ధాంతం ప్రకారం లెక్క కడుతుంది. డెర్షోవిట్జ్, రైన్‌గోల్డ్‌ల సూత్రాలు అనేక క్యాలెండర్లను ఒకదానిలోంచి మరొకదానిలోకి మారుస్తాయి.

సాధనం ఎంత మంచిదైనా దానికి ఇచ్చిన ఆధారం వరకే అది నమ్మదగినది. ఏ సిద్ధాంతం, ఏ ఊరు, అమాంతమా పూర్ణిమాంతమా అన్నది చెప్పని జవాబు సరిచూడడానికి వీలుండదు. అందుచేత తెలుగు పుస్తకాల ఆన్‌లైన్ సూచికలు మూడు విషయాలు విడివిడిగా నమోదు చేయాలి: ముఖపత్రం మీద ఉన్న తేదీ అక్షరం పొల్లుపోకుండా, మార్చిన క్రీస్తుశక తేదీ, మార్చిన పద్ధతి. రోజు తేలకపోతే 1897-98 అని రెండేళ్లూ రాయడమే నిజాయితీ. స్కాన్‌ను ఎక్కించిన తేదీ ప్రచురణ తేదీ గడిలోకి ఎన్నడూ రాకూడదు. మూల తేదీ భద్రంగా ఉంటే, లెక్కలో పొరపాటు దొర్లినా తరువాతివారు దిద్దుకోగలుగుతారు.