ప్రమాదవశాత్తూ

తెలుగు పేపర్లలో నాకు అస్సలు నచ్చని మాట ఒకటుంది: "ప్రమాదవశాత్తూ". ప్రమాదవశాత్తూ యంత్రంలో చేయి పడింది. ప్రమాదవశాత్తూ చీర కొంగు బెల్టులో చిక్కుకుంది. ఇక్కడ హెర్న్‌డన్‌లో కూర్చుని జిల్లా ఎడిషన్లు తిరగేస్తుంటే ఇలాంటి వార్తలు మూడు నాలుగు వాక్యాల్లో అయిపోతుంటాయి. కార్మికుడి పేరు, వయసు, ఊరు, ఎంతమంది పిల్లలో కూడా ఉంటుంది. కంపెనీ మాత్రం చాలాసార్లు "ఓ ప్రైవేటు పరిశ్రమ".

ఆ ఒక్క మాట తీసేసి వార్తను మళ్ళీ చదవండి. బెల్టుకి గార్డు ఎందుకు లేదు? మిషను ఆపకుండా ఎందుకు శుభ్రం చేయించారు? ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

పవర్ ప్రెస్సునే తీసుకుందాం. రేకును డై కింద పెట్టడానికి చెయ్యి లోపలికి వెళ్ళాలి, దెబ్బ పడేలోగా బయటికి రావాలి. షిఫ్టులో ఎన్ని వందలసార్లో! రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప కదలని ప్రెస్సయితే, నొక్కినవాడి చెయ్యి డై కింద ఉండే వీలే లేదు. ఇదేం కొత్త విద్య కాదు. కానీ రెండు బటన్లంటే పీసుకి కొంచెం ఎక్కువ సమయం. పీసుల లెక్క అడిగేచోట ఒక బటన్ని కట్టిపడేస్తారు. "గార్డు వాడే తీసేశాడండీ" అని తర్వాత యజమాని అంటాడు. నిజమే కావచ్చు. గార్డు తీస్తే ఆగిపోయే మిషను ఎందుకు పెట్టలేదు? గార్డు ఉంటే అందని టార్గెట్ ఎవరు పెట్టారు?

చట్టాలకేం కొదవ లేదు. కదిలే భాగాలకు కంచె వేయమని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. పల్లెల్లో నూర్పిడి యంత్రాల కోసం 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. 1923 నాటి నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది, సంపాదించే శక్తి ఎంత పోయిందో చెప్పేది: బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14, చిటికెన వేలు 7. వేలికి ఇంత అని లెక్కగట్టడంలో చూపిన శ్రద్ధ, వేలు పోకుండా చూడటంలో కనపడదు. పైగా 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ ప్రకారం, కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే 20 మంది కార్మికులుండాలి. 1948 చట్టంలో అది 10. పదిమందితో నడిచే షెడ్డుకి కోడ్‌లోని మామూలు బాధ్యతలు వర్తిస్తాయి కానీ, ఫ్యాక్టరీలకని పెట్టిన ప్రత్యేక నిబంధనలు వర్తించవు.

అమెరికా స్వర్గమని చెప్పబోవడం లేదు. 2023 జూలైలో మిసిసిపీలోని హాటీస్‌బర్గ్ కోళ్ల ప్లాంటులో మిషను శుభ్రం చేస్తూ 16 ఏళ్ల వలస కుర్రాడు అందులో చిక్కుకుని చనిపోయాడు. ఆ వయసువాడు అక్కడ పనిచేయడమే చట్టవిరుద్ధం. మరమ్మతుకో శుభ్రతకో మిషను ఆపినప్పుడు పవర్‌కి తాళం వేయాలన్న నిబంధన 1989 నుంచీ ఉంది.

కానీ ఇక్కడ ఒక పని జరుగుతోంది. 2015 నుంచి, పనిలో ఎవరి వేలైనా తెగిపోతే 24 గంటల్లో ఓషాకి చెప్పాలి. కంపెనీ పేరు, ఊరు, తేదీ, ఏం జరిగిందో నాలుగు ముక్కలు, అన్నీ ఇంటర్నెట్‌లో పెడతారు. ఎవరైనా దించుకోవచ్చు. ఇందులోనూ లోటుంది: ఆ పట్టిక ఫెడరల్ ఓషా నేరుగా చూసే రాష్ట్రాలది. మా వర్జీనియాది సొంత ప్రోగ్రాం కాబట్టి ఇక్కడి ప్రైవేటు కంపెనీలు అందులో మామూలుగా కనపడవు.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచీలో యాభైమందికి పైగా పోయారు కాబట్టి ఆ కంపెనీ పేరు మనందరికీ తెలిసింది. ఒక్కో వేలు, ఒక్కో చెయ్యి పోయే చోట్ల పేర్లు తెలియవు. రెండు తెలుగు రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖలూ అలాంటి పట్టిక నెలనెలా తెలుగులో పెట్టాలి. బాధితుడి పేరు అక్కర్లేదు. కంపెనీ పేరు, మిషను, గార్డు ఉందా లేదా, చాలు. అంతవరకూ మన విలేఖరులు కనీసం ఆ మూడూ అడిగి రాయొచ్చు. అడిగాక కూడా అది ప్రమాదవశాత్తూ జరిగిందే అని తేలితే, అప్పుడు రాసుకోండి.