గాలిని తేలిగ్గా చూడకండి

‘గాలి కబుర్లు’ అంటే పట్టించుకోనక్కరలేని మాటలని ఇరవై ఏళ్ళుగా క్లాసులో అర్థం చెబుతున్నాను. గాలి అంత తేలికైనదేమీ కాదని మొన్న దసరా సెలవుల్లో నాకు తెలిసివచ్చింది.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. పరీక్ష ప్యాసై, లైసెన్సు పుచ్చుకుని హామ్ రేడియో నడుపుతాడు. ఉబుసుపోక వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమానులో ఉన్న భారతీ ప్రసాద్‌గారి బృందం, అక్కడివారి క్షేమసమాచారాలు బయటికి చేరవేసింది. అందుచేత మా పెరటి వేపచెట్టు మీదుగా ఏరియల్ తీగ కడతానంటే సంతోషంగా ఒప్పుకున్నాను.

తీగ కట్టాలంటే ముందు చెట్టు మీదుగా ఒక దారం వెయ్యాలి. అందుకు మావాడు కుళాయిలకు వాడే పి.వి.సి. గొట్టాలు అతికించి ఒక ఫిరంగి తయారుచేశాడు. ఒక గొట్టంలోకి సైకిలు పంపుతో గాలి ఎక్కించి మర తిప్పితే, ఆ గాలి రెండో గొట్టంలోంచి, దారం కట్టిన బంతిని చెట్టు మీదికి తన్నాలి.

మొదటిసారి బంతి కదలలేదు. ఎందుకు కదల్లేదా అని వాడు గొట్టం మూతిలోకి తొంగిచూశాడు. గాలి నిండిన గొట్టాన్ని పట్టుకున్నది మా ఎనిమిదేళ్ళ అమ్మాయి. పక్కన నిలబడి “ఇంకాస్త కొట్టరా!” అన్నవాణ్ణి నేను.

అదే సమయానికి మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారు వచ్చారు. “బాబూ, మొహం తియ్యి!” అని ఒక్క కేక పెట్టారు. పిల్లల్ని దూరంగా పొమ్మని, వాల్వు వదులుచేసి గాలి తీసేశారు.

“ఫరవాలేదండీ, ఇది 6 కిలోల పైపు. ఎక్కించింది మూడే” అన్నాడు మావాడు, గొట్టం మీది అచ్చు చూపించి.

“ఆ అంకె నీళ్ళకు నాయనా, గాలికి కాదు. నీళ్ళు ఎంత నొక్కినా ఇంచుమించు కుదించుకోవు. గొట్టం చిట్లితే కాస్త చిమ్మి ఊరుకుంటాయి. గాలి అలా కాదు, నొక్కిపెట్టిన స్ప్రింగు. సందు దొరికితే ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఈ ప్లాస్టిక్కు పెంకులు పెంకులుగా పగిలి మీదికి ఎగురుతుంది. ఎండకు ఎండిందైతే మరీను. నేలపైన ఉండే పి.వి.సి. గొట్టాల్లో గాలి బిగించవద్దని అమెరికా కార్మికశాఖ భద్రతా విభాగం 1988లోనే హెచ్చరించింది.”

ఇలాంటి యంత్రం కావాలనుకునేవారికి ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇవీ: గాలి కోసమే చేసిన లోహపు పాత్ర, ఒత్తిడి చూపే మీటరు, ఎక్కువైన గాలిని దానంతటదే వదిలే వాల్వు ఉండాలి. మర దూరం నుంచి తిప్పాలి. బంతి కదలకపోతే ముందు గాలి తియ్యాలి, ఆ తరువాతే చూడాలి. దగ్గర్లో కరెంటు తీగలుంటే ఆ ప్రయత్నమే వద్దు.

చివరికి మామిడికాయలు కోసే దోటికి ఇంకో వెదురు కట్టి, ఇసుకమూట కట్టిన దారాన్ని కొమ్మ మీదుగా అవతలికి జారవిడిచాం. పది నిమిషాల పని!

సాయంత్రం ఏదో దూరపు ఊరి గొంతు వినిపించింది. “ఎంత స్పష్టంగా ఉందో విన్నావా, మావయ్యా!” అని మావాడు పొంగిపోయాడు. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. వాడి రెండు కళ్ళకేసీ చూస్తూ కూర్చున్నాను.