సంతకం పెట్టే ముందు ఒక్క రాత్రి ఆగండి

ఈ వారం మాగాయ గురించి రాస్తానని చెప్పాను. కానీ ఆ జాడీని కాస్త పక్కన పెట్టి ఇంకో సంగతి చెప్పాలి మీకు.

మొన్న సాయంత్రం పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఎదురింటి అమ్మాయి వచ్చింది. కుట్టు ఫ్యాక్టరీలో ఆరేళ్ళుగా చేస్తోంది. చేతిలో ఓ ఇంగ్లీషు కాగితం. "పిన్నిగారూ, ఆర్డర్లు లేవంట. రేపు దీనిమీద సంతకం పెట్టి తెమ్మన్నారు" అంది. అది చూడగానే నా గుండె ఝల్లుమంది. అలాంటి కాగితమే 2020లో మా ఇంటికీ వచ్చింది.

అప్పుడు మావారు నూలు మిల్లులో పనిచేసేవారు. పన్నెండేళ్ళ సర్వీసు. ఎనభైమంది ఉండే చిన్న మిల్లు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు కదా, ఆ నెల 29న కేంద్ర ప్రభుత్వం జీతాలు కోత పెట్టొద్దని ఆర్డరు వేసింది. మేమూ సంబరపడ్డాం. మే 18 నుంచి ఆ ఆర్డరు లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులూ కార్మికులూ కూర్చుని మాట్లాడి తేల్చుకోమంది. మా మిల్లులో కూర్చున్నవాళ్ళూ లేరు, మాట్లాడినవాళ్ళూ లేరు. నోటీసు బోర్డు మీద "లే-ఆఫ్" అని అంటించారు, అంతే.

లే-ఆఫ్ అంటే ఉద్యోగం తీసెయ్యడం కాదమ్మా. పని లేదు, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండండి అని చెప్పడం. పేరు రిజిస్టర్లోనే ఉంటుంది. ఆ రోజులకి బేసిక్కూ డి.ఎ. కలిపి అందులో సగం ఇవ్వాలి. అయితే ఒక మెలిక ఉంది. రోజూ పని వేళకి మిల్లుకి వెళ్ళి హాజరు వేయించుకోవాలి. వెళ్ళని రోజుకి ఆ సగం కూడా రాదు.

మావారికి అక్కడే అభిమానం అడ్డొచ్చింది. "పని లేనివాణ్ణి గేటు దగ్గర బిచ్చగాడిలా నిలబడాలా?" అని పది రోజులు మానేశారు. నేనూ సర్లెండి అన్నాను. ఆ పదిరోజుల డబ్బూ పోయింది. పాలవాడికి బాకీ పెట్టింది ఆ నెలలోనే.

సెప్టెంబరులో ఇరవైమందిని ఆఫీసుకి పిలిచారు. "మీకై మీరు రాజీనామా ఇస్తే నలభై వేలు ఇప్పుడే చెక్కు రాస్తాం. లేకపోతే ఎప్పటికి వస్తుందో మేం చెప్పలేం" అన్నారు. ఆ కాగితంలో "నాకు రావలసినవన్నీ ముట్టినవి" అని కూడా ఉంది. మావారు ఇంటికొచ్చి పెన్ను అడిగారు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, ఇంటద్దె రెండు నెలలది ఉంది. నలభై వేలంటే నాకూ ఆశ పుట్టిందని దాచకుండా చెబుతున్నాను.

అయినా ఎందుకో మనసు ఒప్పలేదు. "ఏమండీ, ఈ ఒక్క రాత్రికి ఆగండి" అన్నాను. "నీకేం తెలుసే!" అని కసిరారు. నిజమే, నాకేం తెలుసు? ఇంటరు చదివి పెళ్ళి చేసుకున్నదాన్ని. కానీ మా వీధిలో ఓ పెద్దాయన ఉన్నారు, వేరే మిల్లులో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కేలెండరు కాగితం వెనక లెక్క వేశారు.

మావారి జీతం బేసిక్కూ డి.ఎ. కలిపి 13,000. కంపెనీయే తీసేస్తే నెల నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం, అంటే 13,000. సర్వీసు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పన్నెండేళ్ళకి 78,000. గ్రాట్యుటీ వేరు. జీతాన్ని 26తో భాగించి, పదిహేనుతో పెంచి, పన్నెండేళ్ళకి లెక్కేస్తే 90,000. మొత్తం 1,81,000. పి.ఎఫ్. అందులో కలవదు, అదెలాగూ మనదే.

"రాజీనామా ఇస్తే మొదటి రెండూ పోతాయమ్మా. గ్రాట్యుటీ మాత్రం అయిదేళ్ళు నిండినవాళ్ళకి రాజీనామా ఇచ్చినా రావాలి. ఈ నలభై వేలతో అది కూడా మింగేస్తున్నారు" అన్నారాయన. మావారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

ఇరవైమందిలో పదమూడుమంది సంతకం పెట్టేశారు. వాళ్ళని తప్పుపట్టను, ఎవరింట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో మనకేం తెలుసు? మిగిలిన ఏడుగురు లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టారు. ఎనిమిది నెలలు తిరిగారు. నా నాలుగు గాజులు తాకట్టుకి వెళ్ళాయి. ఆఖరికి నోటీసు జీతం, నష్టపరిహారం, గ్రాట్యుటీ మూడు వాయిదాల్లో ఇచ్చారు. ఉద్యోగం మాత్రం రాలేదు. మావారు ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో తక్కువ జీతానికే చేస్తున్నారు. గాజులు రెండే విడిపించుకున్నాం. అయినా అమ్మాయి డిగ్రీ ఆగలేదు.

ఇప్పుడు చట్టం మారిందమ్మా. 2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం పోయి కొత్త కోడ్ వచ్చింది. ఆ పెద్దాయన చేతే చెప్పించుకుని రాసుకున్నాను. మీరూ ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి.

లే-ఆఫ్‌లో సగం జీతం ఇప్పటికీ ఉంది. అయితే అది ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో, అదీ కనీసం యాభైమంది ఉన్నచోటే. ఏడాది సర్వీసు ఉండాలి, అంటే పన్నెండు నెలల్లో 240 రోజులు చేసి ఉండాలి. రోజూ హాజరు వేయించుకోవాల్సిందే. అభిమానాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళమనండి.

తీసేస్తే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల జీతం అలాగే ఉన్నాయి. మూడొందలమంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీ అయితే ముందుగా ప్రభుత్వం అనుమతి కావాలి. మామూలుగా చివర చేరినవాళ్ళని ముందు తియ్యాలి. ఏడాదిలోపు మళ్ళీ మనుషుల్ని తీసుకుంటే తీసేసినవాళ్ళకి అవకాశం ఇవ్వాలి. కొత్త పని నేర్చుకోవడానికని ఇంకో పదిహేను రోజుల జీతం నలభై అయిదు రోజుల్లో మన ఖాతాలో పడాలి. ఇది కొత్తగా వచ్చింది.

మేనేజర్లకీ, పద్దెనిమిది వేలు దాటిన సూపర్‌వైజర్లకీ ఇవి వర్తించవు. వాళ్ళు అపాయింట్‌మెంట్ లెటర్లో ఏముందో చూసుకోవాలి. కానుపు సెలవులో ఉన్న అమ్మాయిని ఆ సెలవులో ఉండగా తీసెయ్యడం మాత్రం ఎక్కడైనా తప్పే.

ఇక మన చేతిలో ఉన్న పని. ఓ బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి అందులో అపాయింట్‌మెంట్ లెటరు, జీతం చీటీలు, గుర్తింపు కార్డు, పి.ఎఫ్. నంబరు, బోర్డుమీద అంటించిన నోటీసు ఫోటో అన్నీ పెట్టండి. మాకు మొదటి మూడేళ్ళ చీటీలు దొరక్క రెండు నెలలు ఆలస్యమైంది. అర్జీకి కూడా గడువు ఉంది, రెండేళ్ళు దాటనివ్వకండి.

ఎదురింటి అమ్మాయికి కూడా ఇదే చెప్పాను. "రేపటికల్లా తెమ్మన్నారు పిన్నిగారూ, కోప్పడతారేమో" అంది. కోప్పడితే కోప్పడనీ, ఇంట్లో చదివించుకుని ఇస్తానని చెప్పమన్నాను. తెల్లారి ఆ కాగితం ఫోటో తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఏం జరుగుతుందో చూడాలి.

మీ ఇంట్లో మగవాళ్ళో, పిల్లలో అలాంటి కాగితంతో వస్తే ముందు మంచినీళ్ళివ్వండి, తర్వాత ఆ కాగితం తీసుకోండి. పెన్ను మాత్రం ఆ రాత్రికి ఇవ్వకండి. వచ్చేవారం మాగాయ ఖాయం. ఉంటాను మరి.