నాలుగు టైర్లకూ ఒకేసారి గాలి: ఆ పీవీసీ పైపు ఇప్పుడే విప్పేయండి

కారు నాలుగు టైర్లకూ ఒకేసారి గాలి కొట్టే పరికరాన్ని ఇంట్లోనే బిగించుకుంటున్నవాళ్లు ముందు ఈ ఒక్క పని చేయండి. గాలి వెళ్లే దారిలో ఎక్కడైనా పీవీసీ పైపు ఉంటే ఇవాళే విప్పి పారేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

బోరు పనిలో మిగిలిన పైపు ముక్కకు టీలు అంటించి, కంప్రెషరు తగిలిస్తే పరికరం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. పైపు మీది అచ్చు చదవండి. చాలావాటి మీద 4 లేదా 6 కిలోలని ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు అంత నీటి ఒత్తిడి ఆగుతుందని దానర్థం. 6 కిలోలంటే సుమారు 85 పీఎస్ఐ. చిన్న కారు కంప్రెషర్ల డబ్బాల మీదే 150 పీఎస్ఐ అని రాసి ఉంటుంది. కుళాయి మూసి మోటారు ఆపడం మరిచారా, ఆ ఒత్తిడంతా పైపు మీదే. నీళ్ల పైపు పగిలితే నీళ్లు చిమ్మి ఊరుకుంటాయి. బిగబట్టిన గాలి ఒక్కసారిగా విచ్చుకుని ప్లాస్టిక్ పెంకుల్ని ముఖం మీదికి విసురుతుంది. ఎండకు పెళుసెక్కిన పైపైతే మరీ ప్రమాదం. నేలపైన వేసే పీవీసీ పైపుల్లో కంప్రెషరు గాలి వాడొద్దని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే హెచ్చరించింది. అయినా మనం ఇంకా అవే పైపులు కోస్తున్నాం.

గాలి కోసమే చేసిన రబ్బరు హోసు, ఇత్తడి ఫిట్టింగులు, గేజీ, వాటితోపాటు సేఫ్టీ వాల్వు కొనండి. పాత గ్యాస్ సిలిండరును గాలి ట్యాంకుగా మార్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. గాలిలోని తేమ అడుగున చేరి ఇనుమును లోపలినుంచి తినేస్తుంది, బయటికి ఏమీ కనపడదు.

నాలుగు టైర్లూ ఒకే గొట్టానికి కలిస్తే నాలుగింట్లోనూ ఒకే ఒత్తిడి ఉంటుంది. ముందు, వెనక టైర్లకు వేర్వేరు అంకెలున్న కార్లకు అది పనికిరాదు. అలా కలిసి ఉన్న టైర్లలో ఒకటి పంక్చరైతే మిగతా మూడింటి గాలీ అటే పోతుంది. పెద్ద కంప్రెషరును డ్యాష్‌బోర్డు సాకెట్‌కు తగిలించకండి, ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపండి.

లారీ టైర్ల జోలికి ఈ పరికరంతో వెళ్లొద్దు. 100 పీఎస్ఐ దగ్గర చదరపు అడుగు మీద దాదాపు ఆరున్నర టన్నుల బలం పనిచేస్తుంది. గాలి తగ్గిన టైరుతో నడిపితే పక్కగోడలోని తీగలు అలిసిపోయి ఉంటాయి. రోడ్డు పక్కన దానికి మళ్లీ గాలి కొడితే టైరు ఆ గోడ దగ్గరే చీలిపోవచ్చు. లాక్ రింగు రిమ్మైతే రింగే ఎగిరి రావచ్చు. పంక్చరు షాపుల్లో కుర్రాళ్లు ఆ టైరుకు ఎదురుగా గొంతుకూర్చుని, చేత్తో వాల్వు పట్టుకుని గాలి కొడుతున్నారు. లారీ యజమానులూ, షాపుల వాళ్లూ, ఆ కుర్రాళ్లకు టైరును లోపల పెట్టి గాలి కొట్టే ఇనుప బోను, వాల్వును పట్టుకునే క్లిప్పు, దూరంగా నిలబడేంత పొడవు హోసు ఈ వారమే కొనివ్వండి. అవి వచ్చేదాకా లారీ టైర్ల పని తీసుకోకండి.