లైసెన్సు మీద చెయ్యి పడాలి

అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం మన దేశంలో 1955 జూన్ 1న అమల్లోకి వచ్చింది. హోటళ్ళలో, సినిమాహాళ్ళలో నల్లవాళ్ళని వేరుపెట్టడం చెల్లదన్న చట్టం మీద అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసింది 1964 జూలై 2న. మనం తొమ్మిదేళ్ళు ముందున్నామని మురిసిపోయేవాళ్ళుంటే ఒకసారి కర్ణాటకలో చింతామణి తాలూకా కంబాలపల్లికి వెళ్ళి రమ్మనండి.

భక్తకవి కైవారం తాతయ్య కీర్తనలు పాడిన తాలూకాయే అది. 2000 మార్చి 11న ఆ ఊళ్ళో దళితుల ఇంటికి నిప్పుపెట్టారు. ఏడుగురు సజీవంగా కాలిపోయారు. అప్పటికి అది కోలారు జిల్లా, చిక్కబళ్ళాపురం ఇంకా జిల్లా కాలేదు. ఢిల్లీ దాకా నాయకులు కదిలారు. కేసు ఆరేళ్ళకు పైగా నడిచింది. సాక్షులు ఒక్కొక్కరే అడ్డం తిరిగారు. 2006 డిసెంబరులో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసింది, 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడుగురు చనిపోయారన్నది రికార్డులో ఉంది. చంపినవాళ్ళెవరన్నది లేదు.

చట్టం రాసినవాళ్ళకి పల్లె తెలియక ఇలా అయిందా అంటే, అదీ కాదు. 1955 చట్టం తీసి చదవండి. బావి, చెరువు, కొళాయి, స్నానఘట్టం, శ్మశానం, దారి, అన్నీ పేరుపేరునా ఉన్నాయి. హోటల్లో వాడే పాత్రల సంగతీ ఉంది, అంటే దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి వాళ్ళ దృష్టిలో ఉన్నట్టే. దుకాణం అనే మాట కిందికి చాకలి షాపునీ, క్షౌరశాలనీ కూడా తెచ్చారు. అమెరికా చట్టంలో విడిగా ఉన్న మంగలి షాపు లేనే లేదు, హోటల్లోపల ఉంటేనే లెక్కలోకి వస్తుంది. యజమాని తానుంటూ అద్దెకిచ్చే ఐదు గదుల్లోపు బసకి కూడా అక్కడ మినహాయింపు ఇచ్చారు. మనవాళ్ళు అలాంటి సందులు వదల్లేదు.

1976లో ఈ చట్టానికి మరింత పదును పెట్టి, పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. ఊరి పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేసే వీలు తీసేశారు. సెక్షన్ 12 ఇంకా గట్టిది. అడ్డగించబడ్డ మనిషి షెడ్యూల్డు కులం వాడైతే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలి, కాదని నిరూపించుకునే భారం నిందితుడిది. అయితే, అడ్డగించారని బోనెక్కి చెప్పే మనిషి మొదట ఒకడుండాలి కదా. బాగేపల్లి వైపు మెట్టపొలాల్లో ఆ చెప్పాల్సినవాడికి కూలి ఎవరు పిలుస్తారు, బోరు ఎవరిది, అప్పు ఎవరి దగ్గర అని అడిగితే, సాక్షి ఎందుకు మాట మారుస్తాడో వేరే చెప్పనక్కర్లేదు. భయపడ్డవాణ్ణి తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు.

సాక్షులు నిలబడితే మాత్రం? ఉత్తర కర్ణాటకలో 1978లో కొత్త బోరుబావి దగ్గర దళితుల్ని నీళ్ళు పట్టుకోనివ్వలేదు, తుపాకీ చూపించి బెదిరించారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ శిక్షని మళ్ళీ నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. ఆ తీర్పులో మన తెలుగువాడు జస్టిస్ కె. రామస్వామి అంటరానితనం చరిత్రంతా ఏకరువు పెట్టి రాసిన భాగం చదవదగింది. కడవ నీళ్ళ కోసం పద్నాలుగేళ్ళు.

అమెరికా వాళ్ళు వేరే దారి పట్టారు. అట్లాంటాలో రెండు పెద్ద జాతీయ రహదార్ల దగ్గర 216 గదుల మోటెల్ ఒకటుండేది. నల్లవాళ్ళకి గది ఇవ్వనని యజమాని కోర్టుకెక్కాడు. దిగేవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది బయటి రాష్ట్రాల వాళ్ళే కాబట్టి నీది రాష్ట్రాల మధ్య సాగే వ్యాపారం, దాన్ని అదుపు చేసే అధికారం అక్కడి చట్టసభ కాంగ్రెసుకుందని సుప్రీంకోర్టు 1964 డిసెంబరు 14న తేల్చింది. యజమాని మనసులో ఏముందన్నది వాళ్ళకి అనవసరమైంది. అడిగింది ఒక్కటే: వ్యాపారం చేసుకుంటావా, మానుకుంటావా?

మన దగ్గరా డబ్బు లెక్క వచ్చిన చోట కులం పట్టు కొంత సడలింది. పాల సొసైటీలో పాలు ఫ్యాట్ చూసి కొంటారు. చిక్కబళ్ళాపురం మీదుగా పోయే హైదరాబాదు హైవే మీద ఢాబా వాడు నీది ఏ ఊరని అడుగుతాడేమో గానీ కులం అడగడు. ఆ హైవే దిగి లోపలికి వెళ్తే మనిషి ఎవరో, ఏ వీధో అందరికీ తెలుసు. కథ అక్కడ మారుతుంది.

ఇప్పుడు రెండు గ్లాసులు ఎక్కడున్నాయండీ అనేవాళ్ళున్నారు. కాగితపు కప్పులొచ్చాయి, నిజమే. ఎంగిలి గ్లాసు కడిగే పనే పోయింది. చట్టం చేయలేనిది కప్పు చేసిందని వాళ్ళ సంబరం. నాకా సంబరం లేదు. స్టీలు గ్లాసూ కాగితపు కప్పూ రెండూ ఉన్న హోటల్లో ఎవరి చేతికి ఏది వస్తోందో చూసి అప్పుడు మాట్లాడాలి.

అమెరికా వాళ్ళు పట్టుకున్న ఆ వ్యాపారం పట్టు మన చట్టంలోనూ ఉంది, ఎవరూ దాన్ని తియ్యరు. సరుకు అమ్మననో, పని చెయ్యననో నేరం చేసి శిక్షపడినవాడి లైసెన్సు రద్దు చేయమని కోర్టు ఆదేశించవచ్చని సెక్షన్ 8 చెబుతోంది. అసలు శిక్ష చూస్తే నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదొందల జరిమానా. 1976 నాటి ఐదొందలు ఈ రోజు ఏ హోటలు వాడినీ భయపెట్టవు. లైసెన్సు పోతుందంటే భయపెడుతుంది.

ఇంకొకటి. అంటరానితనం ఎక్కడెక్కడ సాగుతోందో ప్రభుత్వం ఆ ప్రాంతాలు గుర్తించాలని, చట్టం ఎలా అమలవుతోందో ఎప్పటికప్పుడు సర్వే చేయాలని అదే చట్టంలోని 15ఏ సెక్షన్ చెబుతోంది. ఆ పని ప్రభుత్వమే చేస్తే, కూలికి వెళ్ళే మనిషి ఒంటరిగా పోలీసు స్టేషన్ మెట్లెక్కాల్సిన అవసరం తగ్గుతుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలతో మొదలుపెట్టి హోటలు హోటలుకీ, క్షౌరశాల క్షౌరశాలకీ తిరిగి, చూసింది రాసి, పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టమని జిల్లా అధికారుల్ని అడుగుతున్నాను. లైసెన్సులిచ్చే పంచాయతీల అభివృద్ధి అధికారులు (పీడీఓలు) కూడా ఆ జాబితా చేతిలో పెట్టుకునే రెన్యువల్ సంతకం పెట్టాలి. మీ ఊరి గ్రామసభ ఈసారి జరిగినప్పుడు లేచి ఈ సర్వే సంగతి అడగండి. జవాబు ఏం చెప్పారో మినిట్స్ పుస్తకంలో రాయించండి.