తీరని కోరికకూ కడుపునొప్పి రావచ్చు

ప్రశ్న: మా అబ్బాయికి 19 సంవత్సరాలు. డాక్టరు కావాలని చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక. నీట్ పరీక్ష రెండుసార్లు వ్రాశాడు, సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగులో ఉండి మూడోసారికి చదువుతున్నాడు. ఆరునెలలుగా బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. స్కానింగు, ఎండోస్కోపీ చేయిస్తే ఏమీ లేదన్నారు. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టదు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు చెల్లెలితో కూర్చుని 'మాన్‌స్టర్స్ యూనివర్సిటీ' అనే బొమ్మల సినిమా చూశాడు. అయ్యాక అన్నం తినకుండా పడుకుని, "నేనూ ఆ మైక్ లాంటివాడినేనేమోనమ్మా" అన్నాడు. ఎంత కష్టపడ్డా ఫలితం ఉండదని చెప్పే సినిమాలు పిల్లలకు చూపించవచ్చా? జ్ఞాపకశక్తికి మంచి టానిక్కు ఏది? మా అత్తగారు వాడే నిద్రమాత్ర సగం వేయవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నిద్రమాత్ర సగం కాదు కదా, పావు కూడా వేయకండి. ఒకరికి వ్రాసిన మందు ఇంకొకరికి ఇవ్వడమే తప్పు. పైగా ఆ మాత్రలు కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి, మర్నాడు చదివింది బుర్రకెక్కనివ్వవు. టానిక్కు సంగతి కూడా అంతే. జ్ఞాపకశక్తిని పెంచే టానిక్కు ఏదీ లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పళ్ళు కొనిపెట్టండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 విటమిన్ పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే ఒకసారి చేయించండి. లోపముంటే దానికి మందు ఉంది.

ఇక కడుపునొప్పి. "ఏమీ లేదన్నారు" అంటే పుండు, రాయి, గడ్డ లేవని అర్థం. నొప్పి లేదని కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నరాల సంబంధం చాలా దగ్గరిది. మనసులో ఆదుర్దా ఉంటే పేగుల కదలిక మారుతుంది, మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. కనుక వాడు నాటకమాడుతున్నాడని ఇంట్లో ఎవరూ అనకూడదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం, నిద్రలోంచి లేపేటంత నొప్పి – వీటిలో ఏది కనిపించినా మళ్ళీ డాక్టరుకు చూపించండి.

సినిమా విషయానికి వస్తే, అది నేనూ చూశాను. 2001లో వచ్చిన 'మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్'కు ముందు జరిగిన కథగా అమెరికాలోని పిక్సార్ వాళ్ళు 2013లో తీశారు. దర్శకుడు డాన్ స్కాన్లన్. భూతాల ఊరికి కరెంటు మన పిల్లల కేకల్లోంచి వస్తుంది. అందుకని పిల్లల్ని భయపెట్టడం అక్కడ గొప్ప ఉద్యోగం. మైక్ ఒంటికన్ను బంతిలాంటివాడు. చిన్నప్పుడు బడివాళ్ళతో ఆ కర్మాగారం చూడడానికి వెళ్ళిన రోజునుంచీ అదే కోరిక. పుస్తకాలన్నీ కంఠతా పట్టాడు. అతని స్నేహితుడు సల్లీకి భారీ ఆకారం, తండ్రి పేరు ఉన్నాయి, చదువు మాత్రం లేదు.

సాధారణంగా ఇలాంటి కథలు హీరోకి కప్పు ఇప్పించి ముగుస్తాయి. ఇక్కడ కప్పు వచ్చాకే అసలు కథ. మైక్ గెలవడానికి సల్లీ యంత్రాన్ని రహస్యంగా తేలిక చేసిపెట్టాడని బయటపడుతుంది. ఓడిపోతే కలిగే బాధకన్నా ఆ బాధ ఎక్కువ. నిజం తేల్చుకోవాలని మైక్ మనుషుల లోకంలోకి దూకుతాడు. పిల్లలు భయపడరు, తమాషాగా ఉన్నాడంటారు. మీ అబ్బాయి అన్నం మానేసింది ఇక్కడే అయివుంటుంది.

అతని మాటకు మీరేమన్నారో వ్రాయలేదు. "ఛ, అవేం మాటలు, ఈసారి తప్పకుండా వస్తుంది" అని ఉంటారు. ఏ తల్లయినా అదే అంటుంది. కానీ అది సల్లీ చేసిన పనే. ప్రేమకొద్దీ యంత్రం తిప్పడం. వాడి మార్కులు వాడికి తెలుసు. మీరు గట్టిగా ధైర్యం చెప్పినకొద్దీ ఇంట్లో నిజం మాట్లాడుకునే మనిషి లేకుండా పోతుంది.

అలాగని "నీవల్ల కాదు, మానెయ్" అనమని నేను చెప్పడం లేదు. 2024లో నీట్ వ్రాసినవాళ్ళు 23 లక్షలకు పైమాటే. ఎం.బి.బి.ఎస్. సీట్లు దేశం మొత్తంమీద లక్ష పైచిలుకు. మిగిలిన పిల్లలందరూ తెలివితక్కువవాళ్ళా? వాడూ మీరూ కూర్చుని రెండు పరీక్షల మార్కులు, ఇప్పటి మాక్ టెస్టుల మార్కులు ఒక కాగితం మీద వేసి చూడండి. బాగా పెరుగుతూ ఉంటే మూడోసారి వ్రాయనివ్వండి, అయితే ఇదే ఆఖరని ముందే అనుకోండి. వయసు పరిమితిని 2022లో తీసేశారు కనుక ఎక్కడ ఆగాలో ఇంట్లోవాళ్ళే నిర్ణయించుకోవలసి వచ్చింది. మార్కులు కదలకుండా ఉంటే వేరే దారి గురించి ఇప్పుడే మాట్లాడాలి.

కోరిక వదులుకోవడం ఆరోగ్యానికి మంచిదే అయిన సందర్భాలున్నాయి. గ్రెగరీ మిల్లర్, కార్‌స్టెన్ రోష్ అనే పరిశోధకులు కెనడాలో టీనేజి ఆడపిల్లల్ని ఒక సంవత్సరంపాటు గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందని లక్ష్యాన్ని వదలలేక పట్టుకు వేళ్ళాడినవారి రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ పెరుగుతూ వచ్చింది. శరీరం లోపల వాపు ఉందని తెలిపే పదార్థమది. అయితే వదిలేసి ఊరుకోవడంతో సరిపోదు, ఇంకో లక్ష్యం పట్టుకున్నవారు మరింత సుఖంగా ఉంటారని ఆ రంగంలోని ఇతర పరిశోధనలు చెబుతున్నాయి.

అందుకని డాక్టరు పనిలో నీకు నచ్చిందేమిటని అబ్బాయిని అడగండి. రోగితో మాట్లాడడమా, లాబొరేటరీయా, జీవశాస్త్రమా, లేక ఇంటిముందు బోర్డా? జవాబునుబట్టి నర్సింగు, ఫిజియోథెరపీ, ఫార్మసీ, కళ్ళ పరీక్షల కోర్సు – ఎన్నో ఉన్నాయి. వాటిని ఓదార్పు బహుమతిలా చూపించకండి, పిల్లలు ఇట్టే పసిగడతారు. మైక్ కూడా భయపెట్టడం చేతకాక తపాలా గదిలో ఉద్యోగం మొదలుపెడతాడు. ఎవరిని ఎలా భయపెట్టాలో పథకం వేయడంలో అతన్ని మించినవాడు లేడు కనుక పాత సినిమాలో సల్లీకి సహాయకుడు. ఆ సినిమా చివర పిల్లల నవ్వులో పదిరెట్లు కరెంటు ఉందని తేలాక నవ్వించేది అతనే. తపాలా గదినుంచి పైకి వచ్చినదంతా నాలుగు ఫోటోల్లో చూపించేశారు. నాకు నచ్చనిది అదొక్కటే, మనకు ఆ నాలుగు ఫోటోలకే ఏళ్ళు పడతాయి.

ఆ వయసువాళ్ళకు ఎనిమిది గంటల నిద్ర కావాలి. చదివింది గట్టిపడేది నిద్రలోనే. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండింటికి కూడా సగందాకా ఒంట్లో ఉంటుంది, కనుక మధ్యాహ్నం తరువాత కాఫీ, టీలు ఆపించండి. రోజూ అరగంట బయట నడవమనండి. నెల రోజుల్లో నిద్రా ఆకలీ దారికి రాకపోతే మానసిక వైద్యునికి చూపించండి. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారోనని ఆలస్యం చేయకండి.

ఇంకొక్క విషయం ఆలస్యం లేకుండా చేయాలి. ఒంటరిగా ఉన్నప్పుడు, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడగడంవల్ల పిల్లలకు బరువు తగ్గుతుంది. అవునంటే వాడిని ఒంటరిగా వదలకండి, మందులూ పురుగుమందులూ అందకుండా దాచండి, అదేరోజు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఖర్చులేకుండా ఏ వేళయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ చిన్నమ్మాయి ఆ సినిమా మళ్ళీ చూస్తానంటే చూడనివ్వండి. పడుకోబోయే ముందు గంటలో మాత్రం వద్దు.